నాము తగిలిన ఎండకాలం

మా ఇంట్ల పుట్టినరోజు అన్న ముచ్చట తెచ్చింది మా అక్క సుస్మితనే. బాపుకు ఏ గొర్రె ఏ వానల ఈనిందో, ఏ పొట్టేలును ఏ సంతల కొన్నడో నోటికుండె గని, మేం పుట్టిన తారీఖులు తెల్వకపోవు. బడిల సార్లు అక్కకు, నాకు ఇద్దరికీ జూన్ నెలే రాసిపెట్టిన్రు. అక్క నల్లగొండల డిగ్రీల చేరి హాస్టల్ల పడ్డంక, తోటి పిల్లలు కేకులు కోసుడు, మొకాలకు పూసుకునుడు చూసి ఒకనాడు ఫోన్ల అమ్మను అడిగింది.

"అమ్మా, నేను నిజంగ పుట్టిందెప్పుడే?"

"హాలియ దవాఖానల పుట్టినవ్ బిడ్డా. మంద ఎంబడి ఆడికి పోయినం. వరికోతలైపోయినయ్, ఎండ నిప్పులు చెరుగుతుంది..."

అమ్మకు గంతవరకే యాదికుంది. తారీఖు చెప్పింది మా పెద్దమ్మ లక్ష్మీనర్సమ్మ. "అంబేద్కర్ జయంతి నాడే. సెంటర్ల బొమ్మకు దండలేస్తున్నరు, డప్పులు కొడుతున్నరు. ఆ డప్పుల సప్పుడుకు మీ అమ్మ అరుసుడు గూడ దవాఖాన నర్సుకు ఇనవడలే" అన్నది. అట్ల అక్కకు ఏప్రిల్ పద్నాలుగు దొరికింది. కాలేజీకి సెలవున్న దినం పుట్టిన్నని అక్క మస్తు సంబరపడ్డది.

మాది దేవరకొండ అవతల గుట్టల నడుమ ఊరు. గొల్లోళ్లం. మా దిక్కు ఎండకాలం వస్తే గడ్డిపోస దొరకదు. అందుకని ఏటేటా యాసంగి కోతలు కాంగనే మందను తోలుకోని సాగర్ కాల్వ కిందికి పోతరు. కోసిన మళ్లల్ల గొర్లు మేస్తయ్, రాత్రికి ఆ మడిలనే పండుకుంటయ్. గొర్ల పెంట పడ్డ మడి మల్లేడు బంగారం పండుతదని రైతులు పిలిచి మరీ మంద పెట్టించుకుంటరు. బాపు, పెద్దబాపు ఇద్దరిది ఒకటే మంద. తాత పోయినప్పటిసంది ఇది నాది, అది నీది అన్న మాట వాళ్ల నడుమ రాలే. పెద్దబాపు రామచంద్రయ్య గట్టి మనిషి, మాట తక్కువ. మా బాపు గుర్వయ్య, అన్న మాటను జవదాటడు.

కరోనా సల్లబడ్డ ఏడు. నేను తొమ్మిది చదువుతున్న. జయంతి, దాని మర్నాడు గుడ్‌ఫ్రైడే, శనివారం ఒక్కటి ఎగ్గొడితే ఆదివారం కలిసి వరుసగ సెలవులు పడ్డయ్. అక్క నల్లగొండ నుంచి, నేను ఊరి నుంచి బస్సులెక్కి మంద కాడికి, కాల్వ కింద హాలియకు పోయినం. మంద ఊరి బయట గోపయ్య అనే రైతు మళ్లల్ల ఉండె. పెద్దబాపు మేం పోయిన్నాడే అత్తగారి దిక్కు ఎవరో సచ్చిపోతే చావుకు పోయిండు. ఎల్లుండొస్తనన్నడు.

పద్నాలుగు పొద్దున నేను లేసేసరికి బాపు కాల్వ గట్టు మీద వంగి ఏందో చేస్తుండు. అక్క అప్పుడే నీళ్లల్ల కాళ్లు కడుక్కోని పోయింది. తడి బురదల ఆమె అడుగు అచ్చు పడ్డది. బాపు ఒక వరిగడ్డి పోసను ఆ అచ్చు మీద మడమ నుంచి బొటనవేలు దాక పరిచి, సరిగ్గ ఆడికి గోటితోని తుంపిండు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నడు.

"ఎందుకు బాపూ?"

"బూట్లు తెద్దాం. నల్లగొండల పిల్లలంత బూట్లేసుకోని తిరుగుతున్నరు. ఇది చెప్పులీడ్చుకుంట తిరుగుతుంది. అక్కకు చెప్పకు."

ఆ గడ్డిపోసను తలపాగల దోపుకున్నడు. పొద్దంత అది అట్లనే ఉండె. అక్క చూసి "బాపూ, నీ నెత్తిల గడ్డి" అని తీయబోతే, ఉలిక్కిపడి ఎనుకకు జరిగిండు. నేను నవ్వు ఆపుకోలేక కాల్వ దిక్కు తిరిగిన.

మధ్యాహ్నం గొర్లన్నీ తుమ్మచెట్ల నీడకు పన్నయ్. ఎండకు అవి తలకాయలు ఒకదాని పొట్ట కింద ఒకటి పెట్టుకోని కదలయ్. అదే అదనని బాపు బండి తీసిండు.

"సుస్మీ, హాలియ పోయొస్తం బిడ్డా. గొర్లకు మందు తేవాలె. మంద లేసేసరికి వస్త. లేసినా ఏం గాదు, ఇటే కోసిన మళ్లల్ల మేపు. గా అవతలి జొన్నమడి దిక్కు మాత్రం పోనియ్యకు."

ఆ జొన్న గోపయ్య బర్లకని ఏసింది. కాల్వ నీళ్లు ఆ కొసకు అందక ఎండితే కోసిపడేసిండు. మొన్న చెడగొట్టు వాన పడంగనే ఆ మోళ్లకు పచ్చగ పిలకలు లేసినయ్. అట్ల ఎండి మల్ల చిగురేసిన జొన్నల ఇషముంటది. గొర్రె తిన్నదంటే గడియల కడుపుబ్బి పడిపోతది. దాన్నే నాము అంటరు. గొల్లోళ్ల ఇండ్లల్ల నడక నేర్చిన పిల్లకు గూడ తెల్సిన ముచ్చట.

"నాకెర్క లేదా బాపూ? మా పుస్తకంల గూడ ఉంది. అందుల ఏముంటదో పేరు గూడ చెప్తరు" అని నవ్వింది అక్క.

"పేరు సంగతి నువ్వు చూస్కో. గొర్ల సంగతి చూడు" అని బాపు గూడ నవ్విండు.

హాలియల చెప్పుల దుకాణం కాడ బాపు లోపలికి పోనీకే జంకిండు. నేనే చెయ్యి పట్టి గుంజుకపోయిన. సైజెంతని దుకాణపాయన అడిగితే బాపు తలపాగల నుంచి గడ్డిపోస తీసి గాజుబల్ల మీద పెట్టిండు. ఆయన ముందుగాల నవ్విండు. తర్వాత నవ్వలే. ఆ పోసను ఒక్కో బూటు లోపల పెట్టి చూసుకుంట, తెల్లటి జత ఒకటి తీసిచ్చిండు. బాపు దాన్ని రెండు చేతుల్ల పట్టుకోని తిప్పి తిప్పి చూసి, "మట్టయితదేమో గదా" అన్నడు. మల్ల తనే "అయితే కడుక్కుంటది" అన్నడు.

చాయ తాగుతుంటే గోపయ్య ఎదురువడ్డడు. "ఏం గుర్వయ్యా, మందనెవరికి అప్పజెప్పొచ్చినవ్?" అని అడిగిండు.

"మా పెద్దబిడ్డకు."

"డిగ్రీ చదివే పిల్లకా!"

"డిగ్రీ చదివినా గొల్లోళ్ల పిల్లనే గద పటేలా" అని బాపు మీసం సవరించుకున్నడు. బాపు అట్ల మీసం మీద చెయ్యేసుడు నేను ఎన్నడు చూడలే.

వచ్చేటప్పుడు బండి మీద "హ్యాపీ బడ్డే" ఎట్లనాల్నో నేర్పియ్యమన్నడు. నేను చెవి కాడ అరుస్తున్న, బాపు తప్పు పలుకుతుండు. "నోరు తిరుగుతలేదు బిడ్డా. దీనికంటె గొర్లను పిలుసుడే అల్కగుంది" అన్నడు. మల్ల పట్టు విడువకుండ కాల్వ కట్ట వచ్చేదాక అనుకుంటనే వచ్చిండు.

కట్ట ఎక్కంగనే బాపు నోరు మూతవడ్డది. తుమ్మచెట్ల కింద ఒక్క గొర్రె లేదు.

మేం లేనప్పుడేమైందో అక్క నాకు తర్వాత చెప్పింది. ఒక్కసారే చెప్పలే, ముక్కలు ముక్కలుగ చెప్పింది. ఆమె హాస్టల్ రూముల ఉండే ఇఫ్రాది హాలియనే. ఇఫ్రా నాయిన షరీఫ్ ఆటో నడుపుతడు. అక్కకు చెప్పకుండ ఇఫ్రా ఇంకో ఇద్దరు హాస్టల్ పిల్లలను పిలిపించుకోని, కేకు పట్టుకోని నాయిన ఆటోల దిగింది. షరీఫ్ వాళ్లను దించి, మల్ల గిరాకీకి పోయిండు. తూము మీద నీడకు కూసోని కేకు కోసిన్రు. రంజాన్ నెల, ఇఫ్రా ఒక్కపొద్దుంది. "నా ముక్క ఇంటికి తీస్కపోయి రోజా ఇడిచినంక తింట" అని కాయితంల చుట్టి పక్కన పెట్టుకున్నది. మిగిలినోళ్లు తిన్నంత తిన్నరు, పూసినంత పూసిన్రు. కేకుమీది తెల్ల క్రీము అక్క నెత్తికి, చెవులకు, మెడకు పూసిన్రు. ఫొటోలు దిగిన్రు. ఒకపాలి అక్క తలెత్తి చూసింది. గొర్లు లేసి, మళ్లల్ల పల్చగ పరుసుకుంటున్నయ్. ఇటే ఉన్నయ్ గద అనుకున్నది. ఇంకో ఫొటో అన్నరు. ఇంకోటన్నరు. చివరికి ఇఫ్రానే అడిగిందట:

"సుస్మీ, మీ గొర్లేవే?"

మేం పోయేసరికి అక్క జొన్నమడి నడుమ కట్టె పట్టుకోని ఉరుకుతుంది. గొర్లను కొడుతుంది, గుంజుతుంది, ఏడుస్తుంది. కొన్ని బయటికొచ్చి నిలవడ్డయ్. కొన్ని నిలవడ్డకాడనే ముంగాళ్లు వంచి కూలిపోతున్నయ్. నోట్ల నురుగు. కడుపులు డప్పుల్లెక్క ఉబ్బినయ్. కాళ్లు కొట్టుకుంటున్నయ్. తోటి పిల్లలు గట్టు మీద ఒకలినొకలు పట్టుకోని నిలవడ్డరు.

బాపు ఆ మడిల ఉరుకుకుంట, "ముందుగాల బతికినయ్ బయటికి తోలు! పడ్డదాన్ని ఇడువు, నిలవడ్డదాన్ని తోలు!" అని ఒర్రిండు. నాకు "బెల్లం! బెల్లం నీళ్లు కలుపు!" అన్నడు. ఇఫ్రా నాయినకు ఫోన్ కొట్టింది. షరీఫ్ ఆ ఆటోలనే బెల్లం, దానెంబడి గొర్ల డాక్టర్‌ను ఎక్కిచ్చుకోని వచ్చిండు. డాక్టర్ సూదులేసిండు. బాపు దవడలు పట్టి తెరుస్తుంటే షరీఫ్ బెల్లం నీళ్లు పోసిండు. పొద్దు గూకంగనే ఎక్కడో దూరం నుంచి అజాన్ ఇనవడ్డది. షరీఫ్ అదే బెల్లం నీళ్లు దోసిట్ల పోసుకోని ఒక్క గుక్క తాగి, బిస్మిల్లా అనుకోని, మల్ల ఇంకో గొర్రె దవడ పట్టిండు. ఆయనకు ఆ పొద్దు ఇఫ్తార్ గదే.

కొన్ని లేసినయ్. లేవనివాటిని గట్టెంబడి గుంజి పెడితే అక్కడినుంచి ఇక్కడిదాక వరుస వచ్చింది. ఈనడానికున్నయ్ గూడ ఉండె అందుల. రోడ్డు మీది హోటలోడు ఒకడు ఇని వచ్చిండు. "ఎట్లా సచ్చినయే గద, మాంసానికియ్యిరి" అన్నడు. బాపు వానిదిక్కు గూడ చూడలే. "ఇషం తిన్న జీవాన్ని మనిషికి పెడ్తనా" అన్నడు. గోపయ్య తన జేసీబీ తోలుకొచ్చి కాల్వ అవతల పోరంబోకుల గుంత తీయించిండు. బాపు ఒక్కోదాని మెడల తాడు, గంట ఇప్పి పక్కన పెట్టి మరీ గుంతల దింపిండు.

అప్పుడే పెద్దబాపు నుంచి ఫోనొచ్చింది. ఎవరు చెప్పిన్రో, అప్పటికే ముచ్చట పాకింది. బాపు చేతులు మట్టిల ఉన్నయని నేనే ఫోన్ పట్టి స్పీకర్ పెట్టిన.

"మంద కాడ ఎవరున్నరు?" అన్నడు పెద్దబాపు. గొంతుల కోపం లేదు. అడుగుడే.

అక్క ఒక అడుగు ముందుకేసింది. చెవి పక్కన ఆ క్రీము ఎండి, పెచ్చు కట్టి అట్లనే ఉంది. నోరు తెరిచింది. బాపు ఆమె దిక్కు చూసి, వద్దని తల అడ్డంగ ఊపిండు.

"నేనే ఉన్న అన్నా. కన్నంటుకుంది."

అటు నుంచి పెద్దబాపు "సరే, వస్తున్న" అని ఫోన్ పెట్టేసిండు.

మర్నాడు పెద్దబాపు వచ్చిండు. పూడ్చిన గుంత కాడ నిలవడి చూసిండు. బతికిన గొర్ల నడుమ తిరిగి ఒక్కోదాని వీపు మీద చెయ్యేసిండు. తర్వాత గోపయ్యతోని కొంచెంసేపు మాట్లాడొచ్చి, బాపు ముంగట నిలవడ్డడు.

"నువ్వే ఉన్నవా తమ్మీ?"

"నేనే అన్నా."

పెద్దబాపు అక్క దిక్కు చూసిండు. అక్క నేల చూసింది. "సరే" అన్నడు ఆయన. గంతే.

బూట్ల సంచి బండికి తలిగేసింది తలిగేసినట్టే ఉండె. నేనే తీసి అక్క బట్టల సంచిల అడుక్కు పెట్టిన. బాపు నేర్సుకున్న మాట ఆయన నోట్లనే ఉండిపోయింది.

సెలవులైపోయి అక్క హాస్టల్‌కు పోయింది. పోయే ముందు బాపును పట్టుకోని, "నేనే చెప్తా బాపూ పెద్దబాపుకు" అన్నది.

"నువ్వేం చెప్పొద్దు. ఆడపిల్లను చదివిపిస్తే గిట్లనే అయితదని కులపోళ్లు నలుగురు నాలుగు మాటలంటరు. పోయి పరీక్షలు రాసుకో. నాకేమైతది? నాలుగొద్దులు అంటరు, మరుస్తరు."

వాళ్లు మరువలే. కాల్వ పొడుగున మందలు పెట్టినోళ్లంత ఒకలికొకలు ఎర్కున్నోళ్లే. పది మంది గొల్లోళ్ల నడుమ పట్టపగలు నిద్రపోయి మందను నాముకు ఒదిలినోడంటే అంతకంటె తలవంపులు లేవు. బాపుకు కునుకు గుర్వయ్య అని పేరు పెట్టిన్రు. ఎండాకాలం సెలవులకు నేను మంద కాడనే ఉంటి గనక అన్నీ చూసిన. రైతులు మంద పెట్టమని వచ్చి, "రాత్రి కావలి మీ అన్న ఉంటడా, నువ్వుంటవా?" అని అడుగుదురు. బాపు "అన్ననే ఉంటడు" అనేటోడు. ఒకనాడు పక్క మందోళ్లు బీడీలు తాగుకుంట, "గుర్వయ్య బావా, జర ఇటు రాకు, మాకు గూడ ఆవలింతలొస్తున్నయ్" అని నవ్విన్రు. బాపు గూడ వాళ్లతోని కలిసి నవ్విండు. రాత్రి గొంగట్ల చుట్టుకోని అటు తిరిగి పండుకున్నడు. నిద్రపోలేదని నాకెర్కే.

అక్క రోజూ ఫోన్ చేస్తుండె. "పెద్దబాపు మాట్లాడుతుండా?" అని అడుగుతుండె. మాట్లాడుతుండు. అన్నానికి పిలుస్తడు, మంద తోలుమంటడు. అంతకు మించి ఇద్దరి నడుమ మాట లేదు. ఇఫ్రాతోని అక్క మాట్లాడుడు బందువెట్టింది. అదే రూముల ఉండుకుంట గోడ దిక్కు తిరిగి పండుకునేదట. ఇఫ్రా ఏడ్చి, "మేం రాకుంటే అయిపోవు, తప్పు నాదే" అంటే, "నిన్నెవరన్నరే, తప్పెవలదో నాకు తెల్వదా" అని కస్సుమన్నదట. పరీక్షల ఆ జొన్న మీద ప్రశ్న వచ్చిందట. అన్నీ రాసి అది ఒక్కటి ఇడిసిపెట్టి వచ్చింది.

మిర్గం కార్తె ముంగట మందను ఊరికి తోలుకొచ్చినం. తొలకరి పడ్డది. ఆ వారంల పెద్దబాపు కులపెద్దను పిలిచి, "మంద పంచుకుంటం" అన్నడు.

ఊరంత నోరెళ్లవెట్టింది. పెద్దమ్మ ఏడ్చింది. బాపు ఎందుకని అడుగలే. దొడ్డి కాడ నిలవడి, అన్న ఏ గొర్రెను ఏ దిక్కు తోలితే ఆ దిక్కు చూసుకుంట ఉన్నడు. మాయి వీపుల మీద ఎర్రరంగు, వాళ్లయి వీపుల మీద నీలిరంగు పూసిన్రు. ఒకటే తల్లివి, అక్కాచెల్లెండ్ల లెక్కున్న గొర్లు రెండు రంగులై నిలవడి, ఆగకుండ అరిసినయ్. దొడ్డి నడుమ ముండ్లకంప అడ్డం పడ్డది.

ఆ మాపటీలి అమ్మ ఒలపోసుకున్నది. "నీ కునుకు పాడుగాను! ఇరవయ్యేండ్ల పొత్తును ముంచినవ్ గదనయ్యా. జర కండ్లు తెరుసుకోని ఉంటే నీదేం పోయేది?" అని బాపును తిట్టింది. బాపు అన్నం కలుపుకుంట "అయిపోయింది గదనే" అన్నడు. సెలవులకొచ్చిన అక్క ఆయన ఎదురుంగనే కూసోని ఉంది. కంచం ముంగటినుంచి లేసి బయటికి పోయింది. ఆమె ఎంబడి నేను పోయిన.

పెద్దబాపు దొడ్డి కాడ నీలిరంగు గొర్లకు కుడితి పెడుతుండు. అక్క కంప ఇవతలనే నిలవడి చెప్పింది.

"పెద్దబాపూ, ఆనాడు బాపు లేడు. నేనున్న. నా సోపతిగాళ్లొస్తే కేకు కోసుకుంట కూసున్న. బాపు నా కోసం అబద్ధం చెప్పిండు."

ఆయన చేతుల కుడితి బకెట్ దించలే. "ఎరుకే బిడ్డా" అన్నడు.

అక్క కంప దగ్గరికి ఇంకింత జరిగింది.

"మర్నాడే గోపయ్య చెప్పిండు, గుర్వయ్య హాలియల చాయ తాగుతుండెనని. గొర్లు సచ్చినందుకు నేను వేరు పడలే. అయి మల్ల ఈంతయ్, మల్ల పెరుగుతయ్. తోడవుట్టినోడు నా కండ్లల్ల చూసుకుంట అబద్ధమాడిండు. తప్పైంది అన్నా, పిల్ల కాడ ఇడిసి పోయిన్న అంటే నేనేమన్న సంపుతుంటినా? నిన్ను తిడుతుంటినా? నేనంత పరాయోన్నయిన్నా వానికి?" బకెట్ కింద పెట్టిండు. "రెండుపాల్లడిగిన. నువ్వు పక్కనే ఉంటివి. వాడు చెప్పకున్నా నువ్వు చెప్తవని నీదిక్కు చూసిన."

"ఇప్పుడు చెప్తున్న గద పెద్దబాపూ. మల్ల కలుపుకోండ్రి."

"రంగు పూసినంక కడిగితే పోతదా బిడ్డా" అని ఆయన మల్ల బకెట్ అందుకున్నడు. "చీకటైతుంది. ఇంటికి పో."

అక్క వచ్చి బాపు ముంగట నిలవడి, అమ్మ ముందే అంతా చెప్పేసింది. అమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకున్నది. బాపుకు నేను ఎన్నడు చూడనంత కోపమొచ్చింది. "ఎవరు చెప్పుమన్నరు నిన్ను?" అని లేసిండు. మల్ల అంతలనే కూసున్నడు. "ఆ దినం నేను చేసింది అదొక్కటే మంచిగ కుదిరిందనుకున్న బిడ్డా. అది గూడ పోగొట్టినవ్."

కంచం పక్కకు నూకి, "అన్నేమన్నడు?" అని అడిగిండు.

అక్క చెప్పింది. ఎరుకేనన్నడని, పరాయోన్నయిన్నా అన్నడని. బాపు తలపాగ ఇప్పి మొకం తుడుసుకున్నడు. "ఎరుకైనంక గూడ మల్ల వచ్చి అడిగిండా నన్ను" అని తనలోపల తనే అనుకున్నడు. ఆ తర్వాత లేసి పెద్దబాపు ఇంటి దిక్కు పోయిండు. వాకిట్ల నిలవడ్డడు. పెద్దమ్మ "లోపలికి రా మరిదీ" అనుడు మాకు ఇనవడ్డది. లోపల ఏం మాట్లాడుకున్నరో మాకు చెప్పలే. మంద మాత్రం కలువలే. కంప కంప తీరుగనే ఉండె.

ఆ రాత్రంత అక్క నా పక్కన పండుకోని ఒకటే మాట అన్నది. "కేకు కాడ కూసున్నది నా తప్పు. అది ఒక్క గడియ తప్పు. ఫోన్ కాడ నోరు తెరిచి మల్ల మూసిన చూడు, దానికే మంద రెండైంది." వద్దని తల ఊపింది బాపే గదా అని నేనంటే, "ఊపితే నేనెందుకాగాలె?" అన్నది.

అక్క కాలేజీ బందువెట్టి ఇంటికాడ ఉంటనన్నది. బాపు బలవంతాన బస్సెక్కిచ్చిండు. ఇఫ్రాతోని మల్ల మాటలు కలిసినయ్. ఒక్కపాలి ఇఫ్రా నాయినతోని మా ఊరికొచ్చి, బాపు ముంగట తలవంచుకోని నిలవడ్డది. బాపు ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, "నువ్వు ఫోన్ కొట్టకుంటే బతికినయ్ గూడ బతకకపోవు బిడ్డా" అన్నడు. అక్కకు అట్ల చెప్పేటోళ్లు ఎవరు లేకుండె. ఎవరన్నా చెప్పినా ఆమె ఇనే తీరుల లేకుండె.

మల్లేడు యాసంగి కోతలైనయ్. బాపు, పెద్దబాపు ఎవరి మందను వాళ్లు తోలుకోని అదే కాల్వ కిందికి పోయిన్రు. ఒకరు ముంగట, ఒకరు ఎనుక. పక్కపక్క రైతుల మళ్లల్ల పెట్టిన్రు. ఏప్రిల్ పద్నాలుగుకు హాస్టల్ పిల్లలు ఉండుమన్నా అక్క ఉండలే. తెల్లారకముందే బస్సెక్కి వచ్చింది. ఆ దినం ఏం దినమో ఎవ్వరికీ యాది చెయ్యొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నది. పొద్దున్నే బాపు చేతులనుంచి కట్టె తీసుకోని, "నువ్వు జర నడుం వాల్చు బాపూ, నేను చూస్త" అన్నది. ఎండ నెత్తికెక్కింది. గొర్లు నీడకు పన్నయ్. అక్క ఎండలనే నిలవడి ఉంది.

అప్పుడొచ్చిండు పెద్దబాపు. నీలిరంగు గొర్లను మెల్లగ మా తుమ్మచెట్ల కిందికే తోలిండు. అవి ఎర్రరంగు గొర్ల నడుమ దూరి, తలలు దాసుకోని పన్నయ్. ఆ దినమేందో ఆయనకు యాదికుందో లేదో నాకు తెల్వది. చెట్టు కింద పండుకున్న బాపును కట్టెతోని తట్టి లేపిండు.

"లే తమ్మీ. హాలియ దాక పోయి చాయ తాగొద్దాం."

బాపు లేసి కూసోని, మందల దిక్కు చూసిండు. "ఎవరుంటరే అన్నా ఈడ?"

"పిల్ల ఉంది గద" అన్నడు పెద్దబాపు. అక్క దిక్కు తిరిగి, "నా మంద గూడ జర చూడు బిడ్డా. మెల్లగొస్తం" అన్నడు.

అక్క తలూపింది.

అన్నదమ్ములిద్దరు బండెక్కి కట్ట మీది నుంచి పోయిన్రు. దుమ్ము మెల్లగ దిగింది. నేను తుమ్మ నీడకు గొంగడి పరిచి, "వచ్చి కూసో అక్కా, అన్నీ పండుకున్నయ్ గద" అని పిలిచిన.

"నువ్వు కూసో" అన్నది.

నీళ్లిస్తే నిలవడే తాగింది. తాగుకుంట గూడ కండ్లు గొర్ల మీదనే. వాళ్ల బండి మల్ల కట్ట మీద కనవడే దాక, కట్టె భుజాల మీద అడ్డంగ పెట్టుకోని, ఆ రెండు రంగుల మంద చుట్టు అక్క తిరుగుకుంటనే ఉంది.